తెగాల్సిన కుట్టు

మా చెల్లెకు ఏ పిచ్చి పట్టినా ముందు నాకే అంటిస్తుంది. ఈసారి పట్టింది కొండల పిచ్చి. ఉత్తరాది కొండల్లో వయా ఫెర్రాటా అని ఒక దారి ఉంటుందట. నిట్టనిలువు రాతికి ఇనుప మెట్లు దిగ్గొట్టి, పక్కనే ఉక్కు తాడు బిగిస్తారు. నడుముకు పట్టీ కట్టుకుని, దాని కొక్కేలు రెండూ ఆ తాడుకు తగిలించుకుంటూ ఎక్కాలి.

"నలభై దాటినంక నాకెందుకే గీ తమాషా?" అన్నాను.

"అయితే ఒక్కదాన్నే పోవాల్నా?" అంది. ఇక ఏం చేస్తాను!

మేడ్చల్‌లో ఇంట్లో ఈ సంగతి చెప్పిన రోజు అమ్మ అన్నం ముట్టలేదు. నాయిన కల్లు గీసేవాడు. నడుముకు కట్టుకునే మోకు తెగి తాటిచెట్టు మీంచి పడ్డాడు. పోయేదాకా కర్ర లేకుండా నడవలేదు. "ఆయన మోకు నేను సూడకనే తెగింది," అని అమ్మ ఇప్పటికీ అంటుంది.

దసరాకు అమ్మే, మేం కొనుక్కొచ్చిన పట్టీలను, కొక్కేలను కూడా ఆయుధపూజలో పెట్టింది. కొడవలి, కుట్టుమిషను, చెల్లె స్కూటీ, వాటి పక్కన ఇవి. పసుపు కుంకుమలు చూసి మేం పడీపడీ నవ్వాం. అమ్మ ఒప్పుకుందన్న సంతోషంలో వాటిని మళ్లీ తెరిచి చూడలేదు.

ఆ వచ్చిన ఆదివారం శామీర్‌పేట దగ్గర ఒక రాతిగుట్టకు సాధనకు వెళ్లాం. నేర్పించే ఆయన అక్కడ తాడు, మెట్లు బిగించి ఉంచాడు. ఎవరైనా జారితే కొక్కెం తాడు వెంట జారుకుంటూ వచ్చి తాడును రాతికి బిగించిన కింది బోల్టు దగ్గర ఠక్కున ఆగుతుందట. ఆ కుదుపంతా మనిషికి తగలకుండా, పట్టీకి ఉన్న చిన్న సంచిలో మడతలు పెట్టి కుట్టిన నవారు ఉంటుంది. పడ్డప్పుడు ఆ కుట్లు పర్రున తెగుతూ మనిషిని మెల్లగా ఆపుతాయి. మధ్యలో ఆగి అలుపు తీర్చుకోవడానికి పట్టీకి ఇంకో పొట్టి తాడు కూడా ఉంటుంది.

"గా కుట్టు తెగకుంటే నడుమన్న ఇరుగుతది, కొక్కెమన్న ఇరుగుతది. ఎక్కేముందు జిప్పు తీసి సూసుకోండ్రి," అన్నాడాయన.

మా చెల్లెకు ఓపిక ఎక్కడేడ్చింది? "రాత్రే సూసిన సార్," అని పచ్చి అబద్ధం ఆడి, ఆయన నా హెల్మెట్ సరిచేస్తుండగానే ఎక్కడం మొదలుపెట్టింది.

నేను నా సంచి జిప్పు తీశాను. లోపల మడతల మీద బస్తాలు కుట్టే నైలాను దారం. దబ్బనంతో అడ్డంగా, నిలువుగా, ఎక్కడా సందు లేకుండా కుట్టేసి ఉంది. చివర్లో ముడి మీద ముడి. ఆ ముడి అమ్మదే. నాది కుట్టిన మనిషి చెల్లెది వదిలిపెడుతుందా?

తలెత్తి చూస్తే అది రెండంతస్తుల ఎత్తున ఉంది.

"కదలకే! ఆడనే ఆగు!" అని గొంతు చించుకుని అరిచాను.

"ఏమైందక్కా?" అని అది నవ్వుతూ ఒక చెయ్యి వదిలి ఊపింది. ఓరి దేవుడా! నా పై ప్రాణాలు పైనే పోయాయి.

ఆయన నా సంచిలోకి తొంగి చూశాడు. తర్వాత నిదానంగా, "అమ్మా, నీ నడుముకున్న పొట్టి తాడు మెట్టుకు తగిలియ్యి. దాని మీద బరువేసి నిలబడు. నేనొస్తున్న," అని చెప్పి, ఇంకో తాడు భుజానికేసుకుని పక్క నుంచి ఎక్కాడు.

అప్పుడు చెల్లెకు తన సంచిలోనూ ఏదో తేడా ఉందని అర్థమైంది. నవ్వు ఆపి, పొట్టి తాడు తగిలించి, రెండు చేతులతో మెట్టును కరుచుకుంది. "కిందికి సూడకు, నన్ను తిట్టు, ఏమన్న మాట్లాడు," అంటూ నేను నోటికొచ్చింది వాగాను. ఆయన తాడు కట్టి దాన్ని దింపేదాకా నోరు మూయలేదు. దాని సంచి తీసి చూస్తే అదే దారం, అవే ముడులు.

ఇంటికొచ్చి అమ్మ మీద విరుచుకుపడ్డాను. "ఎవలు కుట్టుమన్నరే నిన్ను? అది తెగాలె! తెగితేనే మనిషి బతుకుతది!"

అమ్మకు ముందు అర్థం కాలేదు. "సన్నదారముండె బిడ్డా. తెగుతదేమోనని భయమై మందం దారమేసిన," అంది. నేను మళ్లీ, ఈసారి మెల్లగా, అంతా చెప్పాను. ఆమె అట్లాగే గోడకు ఆనుకుని కూలబడింది. చెల్లె పక్కన కూర్చుని "నాకేం కాలేదు కద" అంటున్నా వినిపించుకోలేదు.

దబ్బనం దిగిన నవారు పనికిరాదని ఆ రెండు పట్టీలనూ కత్తిరించి పారేశాం. కొత్తవి తెచ్చుకుని, సంచులు తెరిచి, ఒకరివి ఒకరం చూసుకున్నాం.

బయల్దేరే రోజు చెల్లె పట్టీ ఒకసారి కట్టుకుని చూసుకుంటోంది. నేను బ్యాగు సర్దుతున్నాను. వెనక వైపు దానికి చెయ్యి అందలేదు.

"అమ్మా, జర గీ పట్టీ గుంజి పట్టుకో."

గడపలో నిలబడ్డ అమ్మ రెండు చేతులనూ కొంగులో చుట్టేసుకుంది. అంత భయం ఆమె కళ్లలో నాయిన పడ్డనాడు కూడా చూడలేదు.

"అక్కను పట్టుకోమను," అంది. "నన్ను మాత్రం ముట్టనియ్యకు బిడ్డా."