ఒక్క పేక పోగూ తెగకుండా

స్కూటరు సర్వీసింగుకిచ్చి ఆటోనగర్‌లో కూర్చున్నాను. మెకానిక్ చేతులు తుడుచుకుంటున్న గుడ్డకి కంపెనీ చీటీ వేలాడుతోంది. కొత్త చొక్కా చెయ్యి అది. గుండీ కూడా ఊడలేదు.

"ఇదెక్కడిదయ్యా?"

"వెనక షెడ్డులో కోస్తారు బాబాయ్. చూసి రండి, కళ్లు తిరుగుతాయి."

తిరిగాయి. చేనేత సొసైటీలో ముప్పై ఏళ్లు భూతద్దం పెట్టి పోగులు లెక్కపెట్టినవాణ్ణి. రోజూ ఎన్ని చీరలు చూశానో డైరీల్లో రాసుకున్నాను. అవన్నీ కలిపినా ఆ షెడ్డులో ఒక మూలకి చాలవు. తుడుపు గుడ్డలుగా కోసెయ్యమని కంపెనీలు పంపిన, అమ్ముడుపోని చొక్కాలు, చీరలు, గౌన్లు, పిల్లల లాగులు రేకుల కప్పు దాకా ఉన్నాయి. ఒక్కటీ ఎవరి ఒంటిమీదకీ ఎక్కలేదు.

బల్లకి బిగించిన కత్తి ముందు ఒకామె చీర పట్టుకుని నిలబడిపోయింది. ఆకుపచ్చ నూలు చీర, చేతి నేత.

"ఇది కొయ్యలేనండీ. మాది పెడన, నేతోళ్లం," అంటోంది సూపర్‌వైజరుతో.

"ఒక్కటి కొయ్యకుండా బయటికెళ్లి బజార్లో అమ్మకానికొచ్చినా కంపెనీవాళ్లు మన కాంట్రాక్టు పీకేస్తారమ్మా. మీరు నేసిందేం కాదుగా!"

"ఎవరో ఒకరు నేశారు గదండీ."

"నేను కోసెయ్యనా మరి?"

"వద్దొద్దు! మీరు అడ్డదిడ్డంగా కోస్తారు."

కత్తి వదిలేసి ఆమె నేల మీద కూర్చుంది. అంచు దగ్గర గోటితో ఒక్క పేక పోగు, అదే అడ్డపోగు, పైకెత్తి మెల్లగా లాగింది. పోగు తెగలేదు, చీర వెడల్పంతా సాగి చేతిలోకి వచ్చేసింది. అది పోయినచోట సన్నటి గీత పడింది. ఆ గీత మీదే కత్తెర నడిపింది. నిలువునున్న పడుగు తెగింది గానీ పేక పోగు ఒక్కటీ తెగలేదు. అలా మూడు చోట్ల కోసి నాలుగు ముక్కలు చేసింది. భూతద్దం పెట్టి వెతికినా వంకర దొరకదు. నాకు చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది.

"ఇవి ఇంజనాయిలు తుడవడానికి పంపకండి సార్," అంది.

సూపర్‌వైజరు నవ్వాడు. "సరేలేమ్మా, కారు అద్దాలు తుడిచే గుడ్డల మూటలో వెయ్యి."

ముక్కలు తనే మడత పెట్టి ఆ మూటలో అన్నిటికన్నా పైన పెట్టింది. తర్వాత చీర లోంచి లాగిన మూడు పోగుల్నీ వేలికి చుట్టుకుని, మళ్లీ చొక్కాల కుప్ప ముందు కూర్చుంది.