మా రుజువక్క ఒప్పుకోదు

మా రుజువక్క ఎవరు ఏం చెప్పినా రుజువు లేకుండా నమ్మదు. ఇదొక్కటే ఆవిడ జబ్బు, మిగతా అంతా ఆరోగ్యమే. మిట్టమధ్యాహ్నం ఎవరైనా లోపలికొచ్చి "అబ్బా, ఎండ మండిపోతోందక్కా" అన్నారనుకోండి, కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి చూసి, "ఊ, నిజమే" అంటుంది.

మాది తలుపులు, కిటికీలు చేసే కార్ఖానా. ముందు చెక్క దించే చోటు, మధ్యలో మిషన్లు, వెనక పాలిష్ గది. ఒక మూల ప్లైవుడ్డుతో కట్టిన చిన్న గది ఉంది. అందులో ఉండేవి మూడు: కంప్యూటరు, కార్ఖానా ఫోను, రుజువక్క. కస్టమర్లు పంపే కొలతలు, ఫొటోలు, డిజైన్లు అన్నీ ఆ గదిలోకే వస్తాయి. అక్కడ కాగితం మీదికెక్కి మా చేతికొస్తాయి. నేను ఐదో తరగతిలో బడి మానేసి చెక్క మొయ్యడానికి చేరాను. ఇప్పుడు మొయ్యడం, చిత్రిక పట్టడం రెండూ నావే. నా వయసు నలభై ఎనిమిది, నా నడుము వయసు డెబ్బై.

ఫోన్ మోగితే రుజువక్క అనే మొదటి మాట "ఎవరు?" రెండో మాట "పెట్టెయ్యండి, నేను చేస్తా." అవతలివాళ్లు ఇచ్చే నంబరుకి చెయ్యదు. తన పుస్తకంలో ముందే రాసిపెట్టుకున్న నంబరుకి చేస్తుంది. ఇందులో చిన్నా పెద్దా తేడా లేదు.

ఒకసారి ఓనరు గారు పనిమీద వేరే ఊరెళ్లి, ఏదో కొత్త నంబరు నుంచి ఫోన్ చేశారు.

"అమ్మా, నేను. నా ఫోను నీళ్లలో పడింది. ఆ హోటలు తలుపుల డిజైను ఈ నంబరుకి పంపు."

"మీరెవరు?"

"నేనమ్మా, ఓనర్ని."

"ఓనర్లు చాలామంది ఉంటారండీ. పెట్టెయ్యండి, మా ఓనరు నంబరుకి నేను చేస్తా."

"ఆ ఫోనే నీళ్లలో పడిందంటున్నాను కదమ్మా."

"అయితే అది ఆరాక చేస్తా."

మర్నాడు ఆయన బస్సు దిగి సరాసరి కార్ఖానాకొచ్చి ఆ గది గుమ్మంలో నిలబడ్డారు. ఆయన మొహం చూసి మా మిషన్లు కూడా మెల్లగా తిరిగాయి. రుజువక్క కళ్లజోడు పైకి తోసి ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది. "మీరే. ఇప్పుడు పంపుతా, ఏ నంబరుకన్నారు?" అంది. ఆయన ఏదో అరవబోయి, బయటికొచ్చి, రంపపు పొట్టు బస్తా మీద కూర్చుని పది నిమిషాలు నవ్వారు.

సొంత మొగుడికైనా మినహాయింపు లేదు. బావగారు ఒకరోజు పొద్దున్నే తాళంచెవి ఇంట్లోనే పెట్టి తలుపు లాగేశారు. పక్కింటివాళ్ల ఫోన్ నుంచి చేశారు. రుజువక్క పెట్టేసి, పక్కింటావిడకి తనే చేసి, ఆయన్ని పిలిపించింది. నేను అక్కడే ఉన్నాను, ఫోను స్పీకరులో ఉంది.

"మనం మొదటిసారి రైలెక్కినప్పుడు మీరేం పోగొట్టుకున్నారు?"

"గొడుగు."

"ఏ రంగుది?"

బావగారన్నారు, "ఇరవై మూడేళ్లయింది. నాకు తెలీదు. తాళంచెవి పంపకపోతే మానెయ్, నేను ఈ మెట్ల మీదే ముసలాణ్ణయిపోతా."

"ఊ, ఈ విసుగు ఆయనదే" అని, తన దగ్గరున్న రెండో తాళంచెవి నాచేత పంపింది.

కంప్యూటరు దగ్గర ఆవిడ పద్ధతులు ఇంకో రకం. తుమ్మొస్తే ముందు స్క్రీనుకి తాళం వేసి, తర్వాత తుమ్ముతుంది. కంప్యూటరు ఆవిడ చేతికి రాకముందు పాస్‌వర్డు ఒక కాగితం మీద రాసి స్క్రీను పక్కనే అంటించి ఉండేది. కార్ఖానా పేరు, పక్కన ఒకటి రెండు మూడు. అది చూసి రుజువక్క, "ఇది తాళం కాదు, లోపలికి రండి అని రాసిన బోర్డు" అని చింపేసింది. ఎవరి పాస్‌వర్డు వాళ్లకే ఉండాలంది. కొలతల కాగితాలు చూసుకోవడానికి నాకూ ఒకటి పెట్టుకోమంది.

"ఒకదానికొకటి సంబంధం లేని నాలుగు మాటలు అనుకో తమ్ముడూ. పైకి అనకు. నాకూ చెప్పకు."

చెప్పి, గోడవైపు తిరిగి కూర్చుంది. నేను ఒక్కో అక్షరం వెతికి వెతికి కొట్టేసరికి ఇద్దరి టీలూ చల్లారిపోయాయి. మా ఇంట్లో పెట్టెకి తాళం లేదు గానీ నాకొక పాస్‌వర్డుంది. మా ఆవిడ మూడేళ్లుగా అడుగుతోంది, చెప్పలేదు. లోకంలో నా ఒక్కడికే తెలిసిన సంగతి అదొక్కటే.

ఓనరు గారు ఒకసారి తొందరలో, "ఆ అప్‌డేటేదో తర్వాత చేద్దువుగానీలే, పని ఆగిపోతోంది" అన్నారు.

"రంపానికి పదును పెట్టేటప్పుడూ పని ఆగుతుంది కదండీ. అదీ మానేద్దామా?"

ఆయన వెళ్లి అరగంట ఆగారు.

పాలిష్ మామ ఉన్నాడు, మా అందరికన్నా పెద్దవాడు. గేటు దగ్గర ఎవరిదో పెన్‌డ్రైవు దొరికిందని మొహమంతా వెలుగు చేసుకుని తెచ్చాడు. "లోపలేముందో పెట్టి చూడమ్మా" అన్నాడు.

"రోడ్డు మీద దొరికిన తిండి నోట్లో పెట్టుకుంటావా మామా?"

మామ నిజాయితీగా ఆలోచించాడు. "పొట్లం విప్పకుండా ఉంటే పెట్టుకుంటా."

ఆ పెన్‌డ్రైవు కంప్యూటరు మొహం చూడలేదు.

మా దగ్గరికి రెండు వీధుల అవతల ఇనుప గ్రిల్సు చేసే షాపొకటి ఉండేది. వాళ్ల మెసేజీల అకౌంటు ఎవడో దొంగ లాగేసుకుని, వాళ్ల పేరుతో ప్రతి కస్టమరుకీ ఏవేవో అబద్ధాలు రాశాడు. ఆ దెబ్బకి వాళ్ల మాట నమ్మేవాళ్లు లేక షాపు మూతపడింది. నలుగురు వెల్డర్లు తలో దిక్కుకీ పోయారు. ఆ వారమే రుజువక్క మాకందరికీ పరీక్ష పెట్టింది. తన చెల్లెలిచేత ఆఫీసరులా గొంతు మార్పించి, ఒక్కొక్కరికీ ఫోన్ చేయించింది. ఒక్కడూ గట్టెక్కలేదు. పాలిష్ మామ "నేను హెడ్డాఫీసు నుంచి" అనే మాట వినగానే లేచి నిలబడ్డాడు, ఫోనులో. అడిగినవన్నీ చెప్పి, అడగని తన మోకాళ్ల నొప్పి సంగతి కూడా చెప్పాడు. నేను ఇంకా ఘోరం. ఆవిడ అడిగేలోపే చెప్పాను.

రుజువక్క తిట్టలేదు. రెండు రోజులు ఏదో ఆలోచించి, మూడో రోజు మమ్మల్ని వరసగా నిలబెట్టింది.

"ఇకనుంచి ఎవడు ఫోన్ చేసి ఏది అడిగినా మీరు చెప్పాల్సింది ఒకటే. 'మా అక్క ఒప్పుకోదు, ఆవిడ మంచిది కాదు.' అనండి."

మేం సిగ్గుపడుతూ అన్నాం.

"గట్టిగా. మనసులోంచి రావాలి."

మామకి మాత్రం మనసులోంచే వచ్చింది.

అలా ఆవిడ పేరు వీధంతా పాకింది. సరుకు తెచ్చేవాళ్లు గుమ్మం బయటే నిలబడి, "లోపల ఉందా?" అని గుసగుసగా అడిగేవాళ్లు. రుజువక్కకి అదేం పట్టినట్టుండేది కాదు. మనుషులు తనని చూసి భయపడితే ఈవిడకి గొప్పగా ఉంటుందేమో అనుకున్నాను నేను.

ఒకరోజు పన్ను నొప్పితో ఆవిడ డాక్టరు దగ్గరికెళ్లింది. ఓనరు గారు చెక్క చూడ్డానికి వెళ్లారు. నా మిషను బెల్టు తెగి నేను ఖాళీగా ఉన్నాను. "ఫోను దగ్గర కూర్చో తమ్ముడూ. ఎవరు చేసినా పేరు రాసుకో, అంతకుమించి ఏం చెయ్యకు" అని చెప్పి వెళ్లింది. అప్పుడు మా చేతిలో ఆస్పత్రి కిటికీలు ముప్పైరెండు ఉన్నాయి. ఒకదాని కొలత ఒకదానికి కలవదు. వాటి కొలతలు పొద్దున్నే ఆ ఫోనులోకొచ్చాయి, కాగితం మీదికి ఇంకా ఎక్కలేదు.

ఫోను మోగింది.

"మెసేజీల కంపెనీ హెడ్డాఫీసు నుంచి మాట్లాడుతున్నాను. మీ అకౌంటు మీద కంప్లయింటు వచ్చింది. పది నిమిషాల్లో మూసేస్తున్నాం. అందులో ఉన్నవన్నీ పోతాయి."

నాకు కళ్లముందు ముప్పైరెండు కిటికీలు కదిలాయి. "సార్, సార్, పెట్టెయ్యండి, మేమే చేస్తాం" అన్నాను.

"మా ఆఫీసుకి బయటి ఫోన్లు రావు. టైము వృథా చేస్తున్నావు. ఇప్పుడే ఆరంకెల నంబరు మెసేజి వచ్చుంటుంది. అది చదువు, మూసెయ్యడం ఆపిస్తా."

ఫోను చెవి దగ్గర్నుంచి తీసి చూశాను. వచ్చింది. ఆరంకెలున్నాయి. కింద ఇంకేదో రాసి ఉంది. నేను కూడబలుక్కుని చదివేలోపు ఆయన గద్దించాడు.

"వినపడుతోందా? చదువు."

"సరే సార్. నాలుగు."

రెండో అంకె నోటిదాకా వచ్చింది. అక్కడెందుకో ఆగాను. నా అంతట నేను ఆయనకి ఎదురు చెప్పే ధైర్యం నాకు లేదు. అయినా నోరు దానంతటదే తెరుచుకుంది.

"మా అక్క ఒప్పుకోదు సార్. ఆవిడ మంచిది కాదు."

"ఎవరా అక్క?"

"మా రుజువక్క సార్. నేను చదివానని తెలిస్తే నా పని అయిపోయినట్టే."

"మేం చూసుకుంటాం, నువ్వు చదువు."

"మీకావిడ సంగతి తెలీదు సార్. ఓనరు గారినే గుమ్మంలో నిలబెట్టి, పైనుంచి కిందిదాకా చూసింది."

నాకు ఊపొచ్చింది.

"సొంత మొగుణ్ణి ఇంట్లోకి రానివ్వలేదు సార్. గొడుగు రంగు చెప్పలేదని."

"గొడుగు రంగా?"

"అవును సార్. ఇరవై మూడేళ్ల కిందటి గొడుగు. తుమ్మాలన్నా తాళం వెయ్యాల్సిందే సార్. మా మామ ముసలాడు, ఆయనకి దొరికిన వస్తువు కూడా లాక్కుంది. ఆయన మోకాళ్ల నొప్పులకి ఆవిడే కారణం." ఈ చివరిది అబద్ధం. నోరు ఊరుకోలేదు.

"అలాంటి చోట ఎలా చేస్తున్నావన్నా? వేరే పని చూసుకో" అని ఫోన్ పెట్టేశాడు. దొంగే అయినా, ఆ మాట మాత్రం మనసులోంచే అన్నాడనిపించింది.

నేను చెమట తుడుచుకుని ఇటు తిరిగాను. గుమ్మంలో రుజువక్క, వాచిన బుగ్గ మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది.

"ఆపేశావేం? బాగానే ఉందిగా."

"అక్కా, అది..."

"అంకెలు ఎన్ని చెప్పావు?"

"ఒకటి."

"ఇంకా ఐదున్నాయిగా. ఏం కాదు."

కూర్చుని మెసేజి చదివింది. ఆ కింద రాసి ఉన్నది "ఈ అంకెలు ఎవరికీ చెప్పవద్దు" అని. తర్వాత పాస్‌వర్డు మార్చింది, ఇంకో తాళమేదో బిగించింది, ఆస్పత్రివాళ్లకి తనే ఫోన్ చేసి మాట్లాడింది, కొలతలన్నీ కాగితం మీదికెక్కించింది. ముప్పైరెండుకి ముప్పైరెండూ ఉన్నాయి. అప్పుడు మిషన్ల దగ్గరికెళ్లి అందర్నీ పిలిచి చెప్పింది. "దొంగని మన తమ్ముడు ఏడు నిమిషాలు నిలబెట్టాడు. నేను గడియారం చూశాను."

పాలిష్ మామ నావైపు అదోలా చూశాడు. ఈ నలభై ఎనిమిదేళ్లలో ఎవరైనా నన్ను చూసి కుళ్లుకోవడం అదే మొదలు. నాకు భలే ఉంది.

సాయంత్రం అడిగాను. "అక్కా, నువ్వు మంచిదానివి కాదని ఊరంతా చెప్పుకుంటున్నారు. నేను కూడా ఆ దొంగవెధవకి ఇంత చెప్పాను. నీకేం అనిపించదా?"

ఆవిడ కంప్యూటరు మీద పడ్డ పొట్టు బ్రష్షుతో దులుపుతూ అంది, "పద్దెనిమిదేళ్లుగా చూస్తున్నా. 'కుదరదు' అనే మాట నీ నోట ఒక్కసారి కూడా వినలేదు. మామ నోటా వినలేదు. ఎవడు కాస్త గొంతు పెంచినా 'సరే సార్' అంటారు. మీకోసం మీరు అనలేరు. నా పేరు చెప్పి అనండి. నా పేరేమన్నా అరిగిపోతుందా?"

టీ గ్లాసులు తీసుకుని బయటికొచ్చేశాను.

ఇప్పుడు మా వీధిలో సగం షాపులవాళ్లు ఫోనులో ఇదే మాట చెబుతున్నారు. అద్దాల షాపాయన, కుట్టుమిషన్లు బాగుచేసే ఆయన, ఆవిణ్ణి ఎన్నడూ చూడని జిరాక్సు షాపమ్మాయి కూడా. అందరికీ ఒకే అక్క, ఒకే చెడ్డ అక్క. ఈ చుట్టుపక్కల ఇంత చెడ్డపేరున్న మనిషి ఇంకొకరు లేరు. ఆవిడ కూర్చునేది మా కార్ఖానాలోనే.

మొన్న ఆస్పత్రి సామాను వ్యానుకెక్కిస్తున్నాం. ఆఖర్ని పెద్ద ద్వారబంధం మిగిలింది, ముదురు టేకు. ఓనరు గారు తొందరలో ఉన్నారు. "నువ్వు దాన్ని ఎక్కించెయ్యి" అన్నారు నాతో. ఇన్నేళ్లుగా ఇలాంటివి నేనొక్కణ్ణే ఎత్తాను. "సరే" అని వంగాను. నడుము పట్టేసింది. వంగినవాణ్ణి లేచి నిలబడ్డాను.

"అక్క ఒప్పుకోదు సార్."

"ఏం ఒప్పుకోదు?"

"ఒక్కణ్ణే ఎత్తకూడదంట సార్. ఆవిడ మంచిది కాదు."

ఓనరు గారు నన్ను ఓసారి చూసి, గబగబా ఆ గది దగ్గరికెళ్లారు. రుజువక్క నాతో అలాంటిదేమీ అనలేదు. ఎవరన్నారు, ఎప్పుడన్నారు, రుజువేది అని ఆవిడ అడిగిందంటే నేను అక్కడే దొరికిపోతాను.

"ఏమ్మా, ద్వారబంధాలు ఒక్కడే ఎత్తకూడదని నువ్వు చెప్పావా?"

రుజువక్క స్క్రీను మీంచి తల తిప్పలేదు.

"చెప్పాను. ఇద్దరు కూడా చాలరు, ముగ్గుర్ని పిలవండి."

పాలిష్ మామ చేతులు తుడుచుకుంటూ, గొణుక్కుంటూ వచ్చాడు. "ఇన్నాళ్లూ నువ్వే ఎత్తావు కదరా, ఇప్పుడు నాకెందుకీ బరువు?"

"అక్క చెప్పింది మామా."

"అయితే తప్పదు" అని మామ ఓ మూల పట్టుకున్నాడు. "ఆవిడ అసలే మంచిది కాదు."