గేటు దాటితే పంతులే

మా హెడ్మాస్టర్ సాంబమూర్తి గారికి ఒకటే పిచ్చి. బడి గేటు దాటి లోపలికి వచ్చిన మనిషి చేత పాఠం చెప్పించకుండా బయటికి పంపరు. వచ్చినవాడు కరెంటు మీటరు చూసేవాడా, దారి తప్పి అడ్రసు అడగడానికి వచ్చినవాడా అన్న తేడా ఆయనకు లేదు. "ఒక్క పీరియడ్ అండీ, ఎంతసేపు!" అని చెయ్యి పట్టుకుంటారు. ఆ చెయ్యి విడిపించుకుని పోయిన మొనగాణ్ణి నా తొమ్మిదేళ్ల సర్వీసులో చూడలేదు.

ఆ ఒక్క పీరియడ్ ఎప్పుడూ నాదే కావడం నా ఖర్మ. నేను లెక్కల టీచర్ని. తెలుగు పీరియడ్ తీసుకోవచ్చు, సోషల్ తీసుకోవచ్చు. ఊహూఁ! "కుసుమకుమారి గారూ, లెక్కలు ఎక్కడికి పోతాయండీ? రేపైనా రెండూ రెండూ నాలుగే కదా!" అంటారు. "సార్, సిలబస్ ఎట్ల అయిపోవాలె?" అని నేను మొత్తుకుంటూ ఉండగానే మీటరు మనిషి నా బోర్డు తుడిచేస్తూ ఉంటాడు.

మన్సూరాబాద్‌లో రెండంతస్తుల కిరాయి ఇల్లు మా బడి. సార్‌ది తెనాలి దగ్గర పల్లె, మాది నకిరేకల్. పిల్లల్లోనూ సగం మంది దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్లూ దుకాణాలూ పెట్టుకున్న కోస్తా కుటుంబాల వాళ్లు, సగం మంది నల్గొండ పల్లెల నుంచి పనులకు వచ్చినవాళ్ల బిడ్డలు. చేత్తో చెయ్యనిది బుర్రకెక్కదు అన్నది సార్ సిద్ధాంతం. అందుకని మా పిల్లలు గుండీలు కుట్టడం, పంక్చర్ వెయ్యడం, ఫ్యూజు మార్చడం అన్నీ నేర్చుకున్నారు, ఒక్క ఎక్కాలు తప్ప.

వంటగదికి గ్యాస్ బండ తెచ్చే జానయ్య ఒకనాడు ఇలాగే దొరికాడు. "సార్, బండి మీద ఇంకా పన్నెండు బండలున్నయ్" అని లబలబలాడినా సార్ వదల్లేదు. సబ్బు నీళ్లు పూసి లీకేజీ ఎట్లా కనిపెట్టాలో జానయ్య గంటసేపు చూపించాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ తరువాతి గురువారం ఆయన బండ లేకుండానే, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, "సార్, రెగ్యులేటర్ చెప్పుడు మిగిలింది" అన్నాడు. అది కూడా నా పీరియడే.

ఇంకోసారి తనిఖీకి ఒక ఆఫీసరు వచ్చాడు. ముఖం గంటు పెట్టుకుని రికార్డులు తెమ్మన్నాడు. చాయ్ తాగుతూ, చిన్నప్పుడు తమ ఇంట్లో మగ్గం ఉండేదని నోరు జారాడు. అంతే! రికార్డులు మోసుకుని నేను క్లాసులోకి వెళ్లేసరికి ఆయన టై విప్పేసి, పిల్లల వేళ్లకు నూలు చుట్టి, పడుగేదో పేకేదో చెబుతున్నాడు. ఆ ఉత్సాహంలో ఆయన రెండు చేతులూ నూలులో చిక్కుకుపోయాయి. సంతకం పెట్టించడానికి ఆ చిక్కు విప్పేసరికి పావుగంట పట్టింది.

ఇవన్నీ ఒక ఎత్తు, సకల జనుల సమ్మె రోజుల్లో జరిగింది ఒక ఎత్తు. బస్సులు లేవు, ఆఫీసులు లేవు, ఎల్బీ నగర్ రోడ్ల మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పూ చేస్తున్నారు. ఆంధ్ర సార్ బడి తెరిచి ఉందని ఎవరో చెప్పారట, పది మంది కుర్రాళ్లు గేటు తోసుకుని వచ్చారు. వాళ్ల నాయకుడు భిక్షపతి గొంతు చౌరస్తా దాకా వినిపిస్తోంది.

"బంద్ అంటె సమజ్ అయితలేదా సార్? బడి ఎవలు తెర్వమన్నరు?"

నేను గబగబా తాళంకప్ప వెతుకుతున్నాను. సార్ మాత్రం భిక్షపతి భుజాన వేలాడుతున్న డప్పు వంక ఆశగా చూస్తున్నారు.

"మూసేద్దాం బాబూ, తప్పకుండా మూసేద్దాం. అవునూ, వాయించే ముందు దాన్ని మంట దగ్గర కాపుతారెందుకు?"

"కాపకపోతె తోలు బిగువుండదు సార్. మోగదు."

"అద్గదీ! ఆ మాటే మా పిల్లలకు చెప్పండి. ఒక్క పీరియడ్ అండీ!"

"సార్, మేం బంద్ చేయనీకి ఒచ్చినం!"

"చెయ్యండి, ఎవరొద్దన్నారు? పాఠం అయ్యాక చెయ్యండి."

పది గంటలకు మూయాల్సిన బడి ఆ రోజు పన్నెండున్నరకు మూతపడింది. కోస్తా పిల్లలూ నల్గొండ పిల్లలూ కలిసి డప్పు దంచుతుంటే, బంద్ చేయించడానికి వచ్చినవాళ్లే వంతులు పెట్టి నేర్పారు. పోతూ పోతూ భిక్షపతి, "మేడం, మీ సార్‌తోని జర కష్టమే" అన్నాడు. నాకు చెప్తున్నాడు!

సమ్మె అయ్యాక బడి తెరిచాం. అప్పటికి వానలకు వెనకవైపు ప్రహరీ మూల దగ్గర పది అడుగుల మేర కూలిపోయి ఉంది. ఆ వారంలోనే తొమ్మిదో తరగతి అరుణజ్యోతి వాళ్ల నాన్న మట్టయ్య ఆఫీసు గదిలోకి వచ్చాడు. ఆయన తాపీ మేస్త్రీ. చండూరు దగ్గర పల్లె నుంచి వచ్చి ఎల్బీ నగర్‌లో ఇళ్లు కడతాడు.

"సార్, బిడ్డ టీసీ కావాలె" అన్నాడు నిలబడే.

ఏమైందని అడిగాను నేను.

"నిన్న పని కాడికెంచి సీదా ఇటే ఒచ్చిన మేడం, బిడ్డను తోల్కపోదామని. బట్టలకు సిమెంటు ఉండె. ఎవరే ఆయన అని సోపతి పిల్లలు అడిగిన్రు. మా ఇంటికాడ పనిచేసే మనిషి అన్నది. నేను ఇన్న." భుజం మీది తువ్వాలు సర్దుకున్నాడు. "నాయిన ఇంజనీరని చెప్పుకుందంట. నేనేం తిట్టలే. కానీ నాయిన్ని చూసి సిగ్గుపడే సదువు ఏం సదువు సార్? ఊర్లె మా అమ్మ తాన ఉంచుత. పత్తి ఏరుకోని బతుకుతది."

అరుణజ్యోతి తెలివైన పిల్ల. చదువు ఆగిపోతే మళ్లీ మొదలవదని నాకు తెలుసు. సార్ ఏం చెప్పి ఒప్పిస్తారా అని చూస్తే, ఆయన కిటికీలోంచి కూలిన గోడను చూస్తున్నారు.

"టీసీ రాయడానికి రెండ్రోజులు పడుతుంది మట్టయ్య గారూ. ఈలోగా, ఆ గోడ చూశారా? రేపు ఒక్క పీరియడ్ అండీ. తొమ్మిదో తరగతికే."

మట్టయ్య తెల్లబోయి, కాదనలేక తలూపి వెళ్లిపోయాడు. నాకు ఒళ్లు మండిపోయింది. "సార్, మీకు మనిషి పానం కనవడ్తలేదా? గోడ కనవడ్తున్నదా?" అని అడిగేశాను.

"గోడ పడింది కదండీ" అన్నారాయన అమాయకంగా. ఆ రోజంతా నేను ఆయనతో మాట్లాడలేదు.

మర్నాడు మూడో పీరియడ్, అంటే నాదే, పిల్లలను గోడ దగ్గరికి తోలుకెళ్లాను. మట్టయ్య ఉతికిన చొక్కాతో వచ్చాడు. అరుణజ్యోతి తండ్రిని చూసి స్నేహితురాలు మృదుల వెనక నక్కింది. ఆయన చూశాడు, చూడనట్టే పని మొదలుపెట్టాడు.

"మూల సక్కగ రావాల్నంటె ఇటు మూడు ఫీట్లకు గుర్తు పెట్టుండ్రి. అటు నాలుగుకు. ఇగ ఈ గుర్తుకెంచి ఆ గుర్తుకు టేపు పట్టుండ్రి. ఎంతొచ్చింది?"

"అయిదు!" అని అరిచాడు శ్రీకర్. వాళ్ల నాన్నకు దిల్‌సుఖ్‌నగర్‌లో పెద్ద కోచింగ్ సెంటర్ ఉంది. "మేడం, ఇది మీరు చెప్పిన పైథాగరస్ కదా!"

మూడు వారాలు గొంతు చించుకున్నది నేను, మూడు నిమిషాల్లో చెప్పేసింది మేస్త్రీ. "పైథాగరస్ మీకు తెలుసా అంకుల్?" అని అడిగాడు శ్రీకర్.

"ఎరుక లేదు బిడ్డా. ఏ సైట్ల చేస్తడు?" అన్నాడు మట్టయ్య.

తరువాత తలా ఒక ఇటుక అందిస్తూ అరుణజ్యోతి దగ్గరికి వచ్చాడు. ఎన్నడూ ఎరగని పిల్లను అడిగినట్టు, "నీ పేరేందమ్మా?" అన్నాడు. కూతురి అబద్ధాన్ని ఆ తండ్రి తన నోటితో కాపాడుతున్నాడు.

"అరుణజ్యోతి" అంది ఆ పిల్ల వినీ వినపడకుండా.

"మంచి పేరు. ఇగ పట్టు" అని ఇటుక ఇచ్చి ముందుకు పోయాడు.

మూడు వరసలు లేచాయి. శ్రీకర్ దూరంగా నిలబడి, ఒక కన్ను మూసి చూశాడు. "మేస్త్రీ గారికి సరిగ్గా రాదనుకుంటా. ఈ చివర గోడ వంకరగా ఉంది" అని నవ్వాడు. ఇంకో నలుగురు నవ్వారు. మట్టయ్య తల వంచుకుని తాపీ తుడుచుకున్నాడు.

అరుణజ్యోతి చేతిలో ఇటుక దభాలున కింద పడింది.

"మా నాయిన కట్టిన గోడ వంకర పోదు! ఎల్బీ నగర్ల నాలుగంతస్తులు కట్టిండు, చూస్తవా? గుండు ఏసి చూడు ముందుగాల!"

"మీ నాన్నా? ఇంజనీరన్నావు కదే?" అంది మృదుల.

"అబద్ధం చెప్పిన" అంది అరుణజ్యోతి ఏడుస్తూనే. ముక్కు తుడుచుకుని, దారానికి కట్టిన ఇనుప గుండు తీసుకుని గోడ పక్కన తానే వేలాడదీసింది. మట్టయ్య కట్టిన వైపు దారానికీ గోడకూ వెంట్రుకవాసి తేడా లేదు. వంకర ఉన్నది ఆ కొసన. అక్కడ మోకాళ్ల దాకా పంచె ఎగ్గట్టి, ముక్కు మీద సిమెంటుతో ఇటుకలు పేరుస్తున్నది సాంబమూర్తి గారు.

పిల్లలు పడీ పడీ నవ్వారు. శ్రీకర్ మాత్రం కోపంగా, "అయితే మూడూ నాలుగూ అయిదూ నీకు ముందే తెలుసా? మాకు చెప్పలేదేం?" అని అరుణజ్యోతితో పోట్లాటకు దిగాడు.

సార్ కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటుంటే పట్టుకున్నాను.

"సార్, కావాల్నని చేసిన్రు కదా?"

"ఏం చేశానండీ? గోడ పడింది..."

"జానయ్య మన శేఖర్ వాళ్ల నాయిన కదా సార్? పోరగాండ్లు శేఖర్‌ను 'సిలిండర్' అని ఏడిపిస్తున్న రోజులు. ఆయన పాఠం చెప్పినంక మళ్ల ఎవ్వరు అనలే. ఆనాడు వంటింట్ల నిండు బండ ఉండంగనే ఇంకోటి తెప్పిచ్చిన్రు."

దొరికిపోయిన దొంగలా చూశారు సార్. "వాడు చివరి బెంచీలో ముడుచుకుని కూర్చుంటున్నాడండీ. నేను పది ఉపన్యాసాలిస్తే మాత్రం వింటారా?"

"మంచిదే. మరి ఎప్పుడు నా పీరియడే ఎందుకు?"

"మీ క్లాసు ఎవడూ ఎగ్గొట్టడు కుసుమకుమారి గారూ. మీరంటే చచ్చేంత భయం. అలాంటి రోజు అందరూ ఉండాలి కదండీ!"

పొగిడారో తిట్టారో ఇప్పటికీ తేల్చుకోలేదు.

సాయంత్రం మట్టయ్య ఆఫీసు గది గుమ్మంలో నిలబడ్డాడు. "సార్, గా కాయితం..."

"రాస్తున్నానండీ, కలం కనపడలేదు" అన్నారు సార్, జేబులో కలం పెట్టుకుని.

"రాయకుండ్రి" అని చెప్పి మట్టయ్య వెనక్కి తిరిగాడు. నేరుగా గోడ దగ్గరికి వెళ్లి, సార్ పేర్చిన కొసను ఇటుక ఇటుకగా పీకడం మొదలుపెట్టాడు. అరుణజ్యోతి పుస్తకాల సంచి పక్కన పడేసి, తడిపిన ఇటుకలు ఒక్కొక్కటే అందిస్తోంది. అది చూసి సార్ ఆగలేకపోయారు. పంచె ఎగ్గట్టి, తానూ ఒక ఇటుక తీసుకుని ఉత్సాహంగా ముందుకు వచ్చారు.

మట్టయ్య రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"దండం పెడ్త, మీరు జర దూరం నిలవడుండ్రి సార్. గోడ నిలవడాలె."