మిరప గోడౌన్లో నాలుగు వరసల పాట

ముందే చెబుతున్నాను, ఇది విషాదగాథ. చివర్లో ఎవరూ చచ్చిపోరు, అదొక్కటే లోటు. ఆ సాయంత్రం చచ్చిపోతే బాగుండునని అనుకున్నవాళ్లు మాత్రం తొమ్మిదిమంది ఉన్నారు. ఎనిమిదిమందికి కారణం దగ్గు. తొమ్మిదోవాడికి సిగ్గు. ఆ తొమ్మిదోవాణ్ని నేనే.

చిలకలూరిపేటకి కాస్త ఇవతల, పత్తి చేలకీ మిరప చేలకీ మధ్య ఇరుక్కున్న చిన్న టౌను మాది. మా ఊళ్లో సంగీతం అంటే ట్రాక్టరు మీద కట్టిన డీజే. ఊరేగింపు ఉందని తెలిస్తే గుండె ఆపరేషన్ అయినవాళ్లు పొన్నూరులో చుట్టాలింటికి వెళ్లిపోతారు. అలాంటి ఊళ్లో వకుళ టీచర్ గారు ఒక బృందగానం పెట్టారు. ఎనిమిది గొంతులు, నాలుగు వరసలు, ఒక్క వాయిద్యం కూడా ఉండదు.

టీచర్ గారు హైస్కూల్లో సంగీతం చెప్పి రిటైరయ్యారు. సంగీతం పీరియడ్ అంటే లెక్కల మాస్టారు సిలబస్ పూర్తి చేసుకునే పీరియడ్ అని మీకు తెలిసిందే. అలా ఉద్యోగమంతా వదులుకున్న పీరియడ్లన్నీ రిటైరయ్యాక మా మీద తీర్చుకున్నారు. ఆవిడ దగ్గర ఒక నిధి ఉండేది. చిన్నప్పుడు వాళ్లమ్మ చేలో పత్తి తీస్తూ, పక్క సాళ్లలో ఆడవాళ్లతో కలిసి పాడిన పాటలు. ఇప్పుడు పత్తి తీసేవాళ్లు చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుంటున్నారు, వాళ్లని అనడానికి లేదు. ఆ పాటలు తెలిసింది ఊరు మొత్తానికి టీచర్ గారికే. ఆవిడ వాటిని నాలుగు వరసలుగా అల్లి మా గొంతుల్లో పోశారు.

కాలేజీ వార్షికోత్సవాల్లో పాడాం. విత్తనాల కొట్టు ప్రారంభోత్సవంలో పాడాం. ఎక్కడ పాడినా పాటంతా అయ్యాక ఎవరో ఒక పెద్దమనిషి వచ్చి, "బాగుందమ్మా. మ్యూజిక్ వాళ్లు ఎప్పుడొస్తారు?" అని అడిగేవాడు.

నాది అన్నిటికంటే కింది వరస. పాటలో మాటలన్నీ ఆడవాళ్లకిచ్చి, సంగతులన్నీ పై వరస మగవాళ్లకిచ్చి, మిగిలిపోయిన "ఊ" మాకిచ్చారు. మాకు అంటే నాకూ, ఆర్టీసీ కండక్టరు శీనుకీ. శీను "ఊ" అంటే నిండు బస్సు ఫస్ట్ గేర్లో ఎత్తు ఎక్కుతున్నట్టుండేది. నేను "ఊ" అంటే అదే బస్సులో వెనక సీట్లో ఎవరో నిద్రపోతున్నట్టుండేది.

"ఒరేయ్ గోపీ! ఊపిరి పొట్టలోంచి తియ్యాలిరా. భుజాలు ఎగరేస్తావేంటి, గోడ దూకేవాడిలాగా?"

"పొట్టలో జాగా లేదు టీచర్. ఇప్పుడే పునుగులు తిన్నా."

"నీది పిచ్చిక ఊపిరి. నువ్వు బాగుపడవు."

ఈ పిచ్చిక ఊపిరి సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. టీచర్ గారిది ఇంకో శాసనం కూడా ఉంది. ఒకసారి మొదలెట్టాక పాట ఆపకూడదు. పక్కవాడు స్పృహ తప్పినా సరే, నీ వరస నువ్వు పాడాల్సిందే. అది కూడా గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకోబట్టే ఇంత అనర్థం జరిగింది.

మా సాధన పాత లైబ్రరీ మేడ మీద గదిలో. బీరువాలో పుస్తకాలకి చెదలు, బయట మాకు శ్రోతలుగా పావురాలు. మూడేళ్ల కిందట లైబ్రరీ కమిటీకి కొత్త ప్రెసిడెంటుగా రామకోటయ్య గారు వచ్చారు. మిర్చి కమీషన్ వ్యాపారి, మాట కరుకు, మనిషి పెద్ద. ఒకరోజు మెట్లెక్కి వచ్చి, మా పాట సగం విని, చేతులు వెనక్కి కట్టుకుని గది కొలతలు చూసుకున్నారు.

"టీచరమ్మా, ఈ గదిలో జిమ్ము పెడదామంటున్నారు కుర్రోళ్లు."

"మరి మేమెక్కడికి పోవాలండీ?"

"మీరు పాడితే వినేదెవరమ్మా? జనం పది నిమిషాలు కుదురుగా కూర్చోరే!"

టీచర్ గారు ఎప్పుడూ గొంతు పెంచని మనిషి. ఆ రోజూ పెంచలేదు. "కూర్చుంటే?" అన్నారంతే.

రామకోటయ్య గారు ఒక్క క్షణం తడబడ్డారు. "కూర్చుంటే గది మీదే. ఒక కచేరీ పెట్టండి, నేనూ వస్తా. అయిపోయేదాకా ఒక్కడు కూడా లేవకుండా ఉంటే, జిమ్ము వేరే చోట చూసుకుంటారు. రామకోటయ్య మాట మాటే."

ఆయన మెట్లు దిగిపోయారు. ఆ గది పోతే మా ఎనిమిదిమందీ ఎనిమిది దారులు. మేమైతే టీవీ చూసుకుని బతికేస్తాం. ఆ పాటలు మాత్రం టీచర్ గారితోనే ఆగిపోతాయి. అప్పుడు నేను నోరు తెరిచాను. మా ఊరి చరిత్రలో నష్టాలన్నీ నేను నోరు తెరిచిన రోజుల్లోనే మొదలయ్యాయి.

"హాలు సంగతి నాకొదిలెయ్యండి టీచర్!"

పెళ్లిళ్ల సీజను. ఫంక్షన్ హాళ్లన్నీ నిండిపోయాయి. మా బాబాయికి ఊరి చివర మిరప గోడౌను ఉంది. సరుకంతా కోల్డ్ స్టోరేజీకి వెళ్లిపోయి ఖాళీగా పడుంది. అందులో నిలబడి చిటికేస్తే చిటికె తిరుగుతూ తిరుగుతూ తిరిగొచ్చేది. టీచర్ గారు వచ్చి ఒక స్వరం పాడి విన్నారు. కళ్లు మెరిశాయి. మళ్లీ పాడారు. ముఖం ముడుచుకుంది.

"గింగురుమంటోందిరా. ఒక మాట పాడితే మూడు వినపడుతున్నాయి. నాలుగు వరసలు పాడితే పన్నెండు వరసలౌతాయి, సంతలాగా."

నేను అప్పటికే ఫోన్లో ఒక వీడియో చూసి ధ్వనిశాస్త్రంలో పండితుణ్ని అయిపోయాను. గోడలకి మందపాటి గుడ్డ కడితే ప్రతిధ్వని చచ్చిపోతుందట. గోడౌన్లో మందపాటి గుడ్డ ఏముంటుంది? గోతాలు! మిరపకాయలు నింపగా నింపగా ఎర్రబారిన గోతాలు, మూలన గుట్టలుగా ఉన్నాయి. వేదిక వెనక గోడంతా వాటినే కట్టేశాను, పైనుంచి కిందదాకా. చూడ్డానికి ఏదో రాజదర్బారు తెరలా ఉంది. ప్రతిధ్వని నిజంగానే చచ్చిపోయింది. దాని పక్కనే మేమూ పడుకోబోతున్నామని అప్పటికి తెలీదు.

బాబాయి వచ్చి చూశాడు. "ఏరా అబ్బాయ్, గోతాలు దులిపావా?"

"దులిపా బాబాయ్."

"అన్నీ?"

"దాదాపు."

దాదాపు అంటే, మొదటి గోతం దులిపితే తుమ్మొచ్చింది. మిగతావి కదపకపోతే వాటి పాటికి అవి ఉంటాయని వదిలేశాను. అది నిజం కూడా. కదపనంతవరకూ అవి ఎంతో మర్యాదగా ఉన్నాయి. వారం రోజులు వాటి ముందే సాధన చేశాం. ఫ్యాను హోరులో శ్రుతి పోతుందని టీచర్ గారు ఫ్యాను వెయ్యనిచ్చేవారు కాదు. గాలి కదల్లేదు, గోతాలు కదల్లేదు, మిరప దుమ్మూ కదల్లేదు.

కచేరీ రోజు జనం వచ్చారు. నిజంగా వచ్చారు! రామకోటయ్య గారు వస్తున్నారంటే మిర్చి యార్డులో పనిచేసేవాళ్లు, దలాళ్లు, వాళ్ల ఇళ్లల్లో ఆడవాళ్లు, ఆఖరికి జిమ్ము కావాలన్న కుర్రాళ్లు కూడా. కుర్రాళ్లు మధ్యలో లేచి వెళ్లిపోవడానికి వీలుగా చివరి వరసలో కూర్చున్నారు. టీచర్ గారు వాళ్లమ్మ పట్టుచీర కట్టుకున్నారు.

"గోపీ, ఈ ఒక్క పాట వాళ్ల చెవిన పడితే చాలురా," అన్నారు మెల్లగా.

"పడుతుంది టీచర్. నేనున్నాగా."

ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ అన్నం సహించదు.

మేం వేదికెక్కాం. ముందు వరసలోంచి రామకోటయ్య గారి గొంతు. "ఏంరా ఈ ఉక్క! ఆ ఫ్యాను ఎయ్యండ్రా ఎవరన్నా!"

టెంట్ హౌసువాళ్లు అలంకారంగా తెచ్చి పెట్టిన నిలువు ఫ్యాను ఒకటి ఆయన పక్కనే ఉంది, బండి చక్రమంత. టీచర్ గారు వద్దన్నట్టు తల ఊపారు. కానీ గది తాళాలు ఎవరి చేతిలో ఉన్నాయో ఆయన్ని ఉక్కపోతలో కూర్చోబెడతామా? ఒక్క గెంతులో దిగి స్విచ్ వేశాను, ఏకంగా మూడో నంబరు మీద. గాలి సూటిగా రామకోటయ్య గారి తల మీదకి పోయింది. కుడి చెవి పక్కనుంచి పెంచి, బట్టతల మీదుగా ఎడమ చెవిదాకా ఆయన ఎంతో ఓపికగా పరిచిన జుట్టు ఒక్కసారిగా లేచి, జెండాలా నిలబడింది.

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. రామకోటయ్య గారు నా వైపు చూసిన చూపుకి మేడ మీద గదిలో డంబెల్స్ దించుతున్న చప్పుడు వినిపించింది నాకు. కంగారులో ఫ్యాను మెడ పట్టుకుని అటువైపు తిప్పేశాను. అటువైపు అంటే వేదిక వైపు. గోతాల వైపు.

తిప్పేసి, వేదికెక్కి, నా చోట్లో నిలబడ్డాను. మహా పని చేసినవాడిలా.

టీచర్ గారు చెయ్యెత్తారు. ఆ చెయ్యి చూసి అందరం కలిసి ఊపిరి తీసుకోవాలి. తీసుకున్నాం. ఏళ్ల తరబడి సాధన చేసిన ఊపిరి! భుజాలు లేవకుండా, పక్కటెముకలు విచ్చుకునేలా, పొట్ట అడుగు దాకా! గోతాల్లో ఎన్ని పంటల నుంచో పేరుకుపోయిన మిరప దుమ్మంతా, ఒక్క రేణువు వృథా కాకుండా, మా బృందం కడుపుల్లోకి వెళ్లిపోయింది. ఎవరు ఎంత బాగా నేర్చుకున్నారో వాళ్లకంత లోతుగా వెళ్లింది.

ముందు పై వరస ఆడవాళ్లు అందుకున్నారు. సన్నటి దగ్గు. వెంటనే కింది వరస ఆడవాళ్లు, కాస్త బరువుగా. తర్వాత మగవాళ్లు. ఆఖరున శీను, ఎత్తు మధ్యలో బస్సు ఆగిపోయినట్టు. అన్యాయంగా మాట్లాడకూడదు, దగ్గులో కూడా నాలుగు వరసలూ విడివిడిగా, స్పష్టంగా వినిపించాయి. టీచర్ గారు చెయ్యెత్తినచోటే ఆ చేత్తోనే నోరు మూసుకుని వంగిపోయారు.

నాకేం కాలేదు. పిచ్చిక ఊపిరి కదా, దుమ్ము ముక్కు దాటి లోపలికి రాలేదు. పాట ఆపకూడదు కదా, శాసనం. పాడాను.

"ఊ..."

నా వరసలో అంతే ఉంది. తెల్లవారుజామున చేను మీద గాలి వీస్తున్నట్టు ఉండాలని టీచర్ గారు చెప్పిన "ఊ". దాని మీద ఆడవాళ్ల మాటలు మంచుబొట్లలా పడాలి. పడలేదు. శీను పడబోయి, నిలదొక్కుకోవడానికి మైకు స్టాండు పట్టుకున్నాడు. దాన్ని ఈడ్చుకుంటూ వెనక్కొచ్చి, సరిగ్గా నా మూతి ముందు వదిలేసి, నీళ్ల డ్రమ్ము దగ్గరికి పరిగెత్తాడు. ఇప్పుడు నా "ఊ" గోడౌనంతా వినిపిస్తోంది.

"ఊ... ఊ ఊ... ఊ..."

పాటంతా పాడాను. చరణాల మధ్య నాకు విరామాలు ఉంటాయి. అప్పుడు నోరు మూసుకుని గౌరవంగా నిలబడ్డాను. ఆ విరామాల్లో వెనకనుంచి దగ్గులు వినిపించేవి. మళ్లీ నా వంతు రాగానే "ఊ". బాబాయి పరిగెత్తుకొచ్చి ఫ్యాను కట్టేసేసరికి రెండో చరణం. జనం మా వైపే చూస్తూ కూర్చున్నారు, ముఖాల్లో ఏ భావం లేకుండా. పోనీ, లేచి తిట్టినా బాగుండేది.

అయిపోయాక నమస్కారం పెట్టాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

టీచర్ గారు వేదిక పక్కన బోర్లించిన బకెట్ మీద కూర్చుని ఉన్నారు. కళ్లల్లోంచి ధారగా నీళ్లు. అది ఏడుపా, ఘాటా అని అడిగే ధైర్యం నాకు లేదు. మిగతా పాటలు పాడడానికి ఎనిమిదిమందిలో గొంతున్నవాణ్ని నేనొక్కణ్నే. నన్ను పాడమని ఎవరూ అడగలేదు.

అంతలో జుట్టు సర్దుకుంటూ రామకోటయ్య గారు వచ్చారు.

"ఏమ్మా టీచరమ్మా, ఇంక మొదలెట్టండి మరి!"

టీచర్ గారు తలెత్తారు. గొంతు బొంగురుగా వచ్చింది. "ఏంటండీ మొదలెట్టేది?"

"కచేరీ! అందరూ గొంతులు సవరించుకున్నారు, బాగానే ఉంది. మైకు టెస్టింగూ అయింది. ఎంతసేపు టెస్టు చేస్తాడమ్మా ఈ కుర్రోడు? ఊ ఊ అంటానే ఉన్నాడు! గొంతు సవరించుకోడానికే ఇంతసేపంటే పాట ఏ స్థాయిలో ఉంటదో అని ఒక్కడు కదల్లేదు తెలుసా?"

నేను గోతాల మూలకి జరిగాను. చెప్పకుండా ఊరుకోవచ్చు. కానీ టీచర్ గారు అబద్ధం ఆడే మనిషి కారు.

"అదే కచేరీ అండీ. అయిపోయింది."

రామకోటయ్య గారు ఆవిడ వైపు చూశారు. నా వైపు చూశారు. గోతాల వైపు చూసి, ముక్కు ఎగబీల్చి, మిర్చి వ్యాపారి కాబట్టి మొత్తం కథ అర్థం చేసుకున్నారు. తర్వాత మెల్లగా వెనక్కి తిరిగి జనం వైపు చూశారు. అందరూ అలాగే కూర్చుని ఉన్నారు. జిమ్ము కుర్రాళ్లు కూడా.

"అయిపోయేదాకా ఒక్కడూ లేవలేదు," అన్నారు, ఎవరో తన జేబు కొట్టేసినట్టు. "మాటంటే మాటేగా. గది మీదే."

శీను ఎగిరి గంతేసి దగ్గాడు. ఆడవాళ్లు ఒకళ్లనొకళ్లు పట్టుకుని దగ్గారు. నేను టీచర్ గారి దగ్గరికెళ్లి, "చూశారా టీచర్, గది వచ్చింది!" అన్నాను, అదేదో నేను గెలిచి తెచ్చినట్టు.

ఆవిడ పట్టుచీర కొంగుతో కళ్లు తుడుచుకున్నారు. ఆ కొంగుకీ దుమ్ము అంటుకుని ఉంది కాబట్టి మళ్లీ నీళ్లొచ్చాయి.

"వచ్చిందిరా గోపీ. ఊరంతా వచ్చి కూర్చుంది కూడా. మా అమ్మ పాట మాత్రం ఎవరూ వినలేదు."

గోడకి కట్టిన గోతాలు విప్పడానికి వెళ్లాను.

ఆ గదిలో ఇప్పటికీ పాడుతున్నాం. బయట పాడమని పిలుపులు రావడం మాత్రం తగ్గింది. నాకు వ్యక్తిగతంగా పెరిగాయి. ఏ పెళ్లికెళ్లినా సౌండువాళ్లు నన్ను చూడగానే మైకు నా చేతికిచ్చి, "అన్నా, ఒక్క ఊ అనన్నా, చెక్ చేసుకుంటాం," అంటారు.

కాబట్టి పాఠకుల సాక్షిగా, ఆ రోజు దగ్గకుండా మిగిలిన నా పిచ్చిక ఊపిరి సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఈ జన్మలో ఇంకొక ఫ్యాను మెడ తిప్పను. ముందు వరసలో ఎవరి జుట్టు జెండాలా లేచినా, దానికి వందనం చేసి ఊరుకుంటాను. ఏ గోతాన్నీ దాదాపుగా దులపను. ఊరు మళ్లీ ఒకసారి కూర్చునే రోజు వస్తే, ఆ పాట మొదట్నుంచి చివరిదాకా వాళ్ల చెవిన పడేదాకా, నేను వేదిక మీద ఉండను. ఆఖరి వరసలో, జిమ్ము కుర్రాళ్ల పక్కన, నోరు మూసుకుని కూర్చుంటాను. ఎవరైనా లేవబోతే చొక్కా పట్టుకుని కూర్చోబెడతాను.