బాగా పనిచేయనిది ఉందా?

చప్పిడి మావయ్యకి ఒక్కటే పిచ్చి. ఏ కొట్టుకి వెళ్లినా, ఉన్నవాటిలో బొత్తిగా పనిచేయని సరుకేదో అది ఇమ్మంటాడు.

మనమంతా కొట్టువాడి ముందు నిలబడి గట్టిది ఉందా, ఘాటైనది ఉందా అని అడుగుతాం. ఆయనది వేరే లెక్క. సబ్బు కొంటే మురికిని పెద్దగా ఇబ్బంది పెట్టని సబ్బు కావాలి. జిగురు కొంటే రేపు వద్దనుకున్నప్పుడు మర్యాదగా ఊడొచ్చే జిగురు కావాలి. చివరికి దగ్గుమందు కూడా, "మరీ తగ్గించేసేది వద్దండీ, కాస్త నచ్చజెప్పే రకం ఇవ్వండి" అని అడుగుతాడు. టీ అయితే కప్పు అడుగున వేసిన పువ్వు పైకి కనపడాలి. అందుకే చుట్టాలంతా ఆయనకి చప్పిడి మావయ్య అని పేరు పెట్టారు. ఆ పేరుకి ఆయన నొచ్చుకోలేదు. ఉన్నంతలో మెత్తగానే పెట్టారని సంతోషించాడు.

పాత పుస్తకాల తోలు అట్టలు బాగుచేయడం ఆయన వృత్తి. ఒక పాత మేడలో, మెట్ల కింద గది ఆయన కొట్టు. లోపలికి వెళ్లేటప్పుడు తల వంచాలి, బయటికి వచ్చేటప్పుడు వంచాలని గుర్తుండాలి. ఆ గదికి ఆయన మేనకోడలు పనికి వచ్చి చేరింది. ఆ అమ్మాయి ఆరేళ్లపాటు ఒక మందుల కంపెనీ ప్రయోగశాలలో పనిచేసింది. కంపెనీ మూతపడింది. "మావయ్యకి చూపు ఆనడం లేదు, కొన్నాళ్లు సాయంగా ఉండవే" అని తల్లి పంపించింది. రసాయనాలు చదువుకున్న పిల్ల, ఆ పనిలో వాడే స్పిరిట్ల సంగతి తనే చూసుకుంటుందిలే అని ఇంటిల్లిపాదీ అనుకున్నారు. తనూ అలాగే అనుకుంది, మొదటి రోజు మధ్యాహ్నం దాకా.

పాత తోలుకి ఒక జబ్బు ఉంది. వందేళ్లు దాటేసరికి లోపల్నించి చివికి, ఎర్రటి పొడిగా రాలిపోతుంది. పుస్తకం ముట్టుకుంటే ఇటుక ముట్టుకున్నట్టు చేతులు ఎర్రబడతాయి. దీనికి వైద్యం వినడానికి తేలిక. ఒక తెల్లని పొడి దొరుకుతుంది. దాన్ని ఏదైనా స్పిరిట్‌లో నానబెడితే పలచని గంజిలా అవుతుంది. ఆ గంజిని కుంచెతో తోలు మీద పూయాలి. స్పిరిట్ ఆవిరై పోతుంది, గంజి లోపల ఉండిపోయి రాలే తోలుని పట్టుకుంటుంది. ఇక తేలాల్సిందల్లా ఏ స్పిరిట్ అన్నదే.

"ఎసిటోన్ వాడదామా మావయ్యా?" అంది మేనకోడలు.

"అది బ్రహ్మాండంగా పనిచేస్తుందమ్మా."

"అయితే తెస్తాను."

"పనిచేస్తుందని చెబుతుంటే మళ్లీ తెస్తానంటావేం?"

ఆ అమ్మాయి కొత్త నోటుపుస్తకంలో 'ఎసిటోన్: పనిచేస్తుంది, కనక వద్దు' అని రాసుకుంది. రాశాక చదువుకుంది. ఆరేళ్ల ప్రయోగశాల చదువులో ఇలాంటి వాక్యం ఎక్కడా రాసినట్టు గుర్తులేదు.

మర్నాడు ఇద్దరూ రంగుల కొట్టుకి వెళ్లారు. కొట్టతను హుషారుగా ఒక డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. "దీన్ని మించింది లేదు సార్. దేన్నైనా వదిలించేస్తుంది."

మావయ్య అడుగు వెనక్కి వేశాడు. "ఏమీ వదలకూడదు బాబూ."

"ఏమీ వదలకూడదా? మరి దేనికి సార్?"

"తోలుకి."

"తోలు వదలాలా?"

"ఉండాలి."

కొట్టతను మేనకోడలి మొహం చూశాడు. మేనకోడలు పైకప్పు చూసింది. "అయితే నీళ్లు వాడుకోండి సార్" అన్నాడు కొట్టతను విసుగ్గా.

"అమ్మో, నీళ్లా? అంత ఘాటైనది మాకెందుకు" అని మావయ్య బయటికి నడిచాడు. మేనకోడలు దారంతా ఆలోచిస్తూనే ఉంది. ఎసిటోన్ పనిచేస్తుంది కనక వద్దు. డబ్బాలోది వదిలిస్తుంది కనక వద్దు. నీళ్లేమో ఘాటు. అడుగుదామంటే భయం, సమాధానం చెబుతాడేమోనని.

ఆ వారంలోనే ఒకావిడ గుడ్డలో చుట్టిన పుస్తకం తెచ్చింది. విప్పేసరికి బల్లంతా ఎర్రపొడి. అది ఆవిడ తల్లి పుస్తకం. తల్లి నలభై ఏళ్లు నర్సుగా ఇల్లిల్లూ తిరిగి పురుళ్లు పోసింది. వాళ్ల గురువు నుంచి చేతికొచ్చిన ఆ లావుపాటి వైద్య గ్రంథాన్ని ఎక్కడికి వెళ్లినా చంకన పెట్టుకునే వెళ్లేదట. ఇప్పుడు ఎనభై నాలుగేళ్లు. కళ్లు దాదాపు కనపడవు, జ్ఞాపకం వచ్చిపోతూ ఉంటుంది. చదవలేకపోయినా మధ్యాహ్నాలు ఆ పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకుంటేనే ఆవిడకి స్తిమితం.

"పొడంతా దుప్పట్ల మీద, ముక్కులో, నోట్లో. ఒకటే దగ్గు. డాక్టరుగారు ఆ పుస్తకం తీసేయమంటున్నారు" అంది కూతురు. "మీరు శుభ్రంగా కొత్తదానిలా చేసిపెట్టండి. ఇదిగో, ఈ నల్లటి జిడ్డు మరక కూడా పోవాలి."

వెనక అట్ట మీద అరచెయ్యంత మరక. మావయ్య దాన్ని చాలాసేపు చూసి, "మీ అమ్మగారు ఏ చేత్తో పట్టుకుంటారండీ?" అని అడిగాడు.

"ఏ చెయ్యైతే ఏమండీ?"

"ఎడమ చెయ్యా?"

"ఎడమే. అది సరే గానీ, ఇంకో సంగతి." ఆవిడ గొంతు తగ్గించింది. "బాగుచేయించి తెచ్చినవేవీ అమ్మ తనవని ఒప్పుకోవడం లేదు. కళ్లజోడుకి ఫ్రేము మార్పిస్తే, ఎవరిదో తెచ్చి పెట్టారని పారేసింది. కుర్చీకి మెత్త మార్పిస్తే కూర్చోవడం మానేసింది. ఇది కూడా కాదంటే ఇక ఆవిడకి ఏమీ మిగలదు. జాగ్రత్తగా చూడండి."

మావయ్య తలూపాడు. ఆవిడ వెళ్లగానే, "అమ్మాయ్, దీనికి మనకి దొరికేవాటిల్లోకెల్లా నీరసమైన స్పిరిట్ కావాలి" అన్నాడు.

నీరసమైనది అంటే మేనకోడలికి తెలుసు. చదువుకుంది కదా. సూటిగా మందుల షాపుకి వెళ్లి, డెబ్భై శాతం స్పిరిట్ సీసా పట్టుకొచ్చింది. డెబ్భై పాళ్లు స్పిరిట్, ముప్ఫై పాళ్లు నీళ్లు. ఇంతకంటే నీరసం ఏముంటుంది? మావయ్య మెచ్చుకుంటాడని ఎదురుచూస్తూ బల్ల మీద పెట్టింది.

మావయ్య రేకు డబ్బాలోంచి ఒక పాత అట్ట ముక్క తీశాడు. ప్రతి స్పిరిట్‌నీ ముందు అలాంటి ముక్క మీదే పరీక్షిస్తాడు. ఒక్క చుక్క వేశాడు. ఎర్రటి తోలు అక్కడికక్కడ బొగ్గులా నల్లబడి, గట్టిపడి, ముడుచుకుంది.

"చూశావా దీని బలం?"

"ఇది బలహీనమైంది మావయ్యా. డెబ్భయ్యే."

"ఆ మిగతా ముప్ఫై ఎవరు?"

"నీళ్లు."

"పొడి రాలే తోలుకి నీళ్లు తగిలితే ఇంతే. తొంభై తొమ్మిది తీసుకురా. అది నీరసంగా ఉంటుంది."

మేనకోడలు నోటుపుస్తకం తెరిచింది. 'డెబ్భై బలం, తొంభై తొమ్మిది నీరసం' అని రాసింది. తను ఆరేళ్లు పనిచేసిన ప్రయోగశాల ఎందుకు మూతపడిందో కాస్త అర్థమవుతున్నట్టు అనిపించింది, వెంటనే అదీ అర్థం కాలేదు.

తొంభై తొమ్మిది దొరకడం మరో భాగోతం. మందుల షాపతను దేనికన్నాడు. పుస్తకానికి అంటే, పుస్తకానికి దెబ్బ తగిలిందా అన్నాడు. సారాయి జాతి స్పిరిట్ కొనాలంటే ప్రభుత్వ అనుమతి కావాలన్నారు, అనుమతి కోసం వెళితే ముందు స్పిరిట్ ఎక్కడ దాస్తారో ఫొటో తెమ్మన్నారు. కాళ్లరిగేలా తిరిగాక, చివరికి సెల్‌ఫోన్లు బాగుచేసే చిన్న కొట్టులో దొరికింది. ఫోన్ల లోపలి సర్క్యూట్ పలకలు తుడవడానికి వాళ్లు నీళ్లు లేని స్పిరిటే వాడతారట. మావయ్య సీసా అందుకుని ఆ కుర్రాణ్ణి ఒకే ప్రశ్న వేశాడు. "జిడ్డుని బాగా వదిలిస్తుందా?"

"అంతగా వదలదు సార్. జిడ్డుకైతే వేరేది ఇస్తాను."

"వద్దు బాబూ, ఇదే దివ్యంగా ఉంది" అని మావయ్య సీసాని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులతో పట్టుకున్నాడు.

నాలుగు రోజుల్లో పుస్తకం పొడి రాలడం ఆగింది. మావయ్య గంజిని పొరలు పొరలుగా పూశాడు, ఒక్క మరక దగ్గర మాత్రం కుంచెని చుట్టూ తిప్పి పక్కకి పోయాడు. అది చూసి మేనకోడలు చెప్పలేక, ఊరుకోలేక సతమతమైంది. మరక పోవాలని కదా ఆవిడ ప్రత్యేకించి చెప్పింది. మావయ్యకి చూపు ఆనక వదిలేశాడనుకుంది.

ఐదో రోజు మావయ్య టీకి వెళ్లాడు. ఫోను మోగింది.

"రేపు అమ్మని తీసుకుని వస్తున్నాను. మరక పోయిందా?" అంది కూతురు.

"పోతుందండీ" అనేసింది మేనకోడలు.

అన్నాక తప్పేదేముంది? తన సంచీలో గోళ్లరంగు తుడుచుకునే చిన్న సీసా ఉంది. లోపల ఉండేది చాలామటుకు ఎసిటోనే. దూది తడిపి, మరక చివర్న మెల్లగా రాసింది. జిడ్డు చక్కగా వదిలింది. వేలి వెడల్పున లేత ఎరుపు తేలింది. అమ్మయ్య అనుకుని మళ్లీ దూది తడుపుతుంటే గుమ్మంలో మావయ్య.

ఆయన అరవలేదు. ఆయన కోపం కూడా చప్పిడే. వచ్చి కూర్చుని, అట్ట మీద తన ఎడమ చెయ్యి ఆనించాడు. బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరం వేలు మరకలో ఒక్కొక్కటే ఇమిడాయి. చిటికెన వేలు తుడిచిన చోటికి వచ్చింది.

"నాలుగు వేళ్లు మిగిలాయిలే" అన్నాడు.

అప్పటికి గానీ మేనకోడలికి అది మరకలా కాకుండా చెయ్యిలా కనపడలేదు.

"నలభై ఏళ్లు పట్టుకున్న చోటమ్మా. జిడ్డు పట్టి అక్కడ తోలు చివకలేదు, నున్నగా గుంటపడింది. ఆవిడకి కళ్లు కనపడవు. తనదని దేంతో గుర్తుపడుతుంది? కళ్లజోడుకీ కుర్చీకీ అందుకే కదా తగాదా వచ్చింది, వాటిల్లో ఆవిడని తుడిచేశారు." తడి దూదిని పక్కకి నెట్టి, "బాగా పనిచేసే స్పిరిట్‌కి ఏది మురికో ఏది మనిషో తెలీదు. దాని తప్పు కాదులే" అన్నాడు.

మేనకోడలు ఆ చిన్న సీసాకి మూత పెట్టేసింది. ఇన్నాళ్లూ ఈయన పిచ్చివాడేమోనన్న అయోమయంలో ఉంది. ఇప్పుడు తను ఏమిటన్న అయోమయం మొదలైంది. నోటుపుస్తకం తెరిచింది గానీ ఏం రాయాలో తోచక మూసేసింది.

మర్నాడు కూతురు తల్లిని నడిపించుకుని వచ్చింది. మనిషి చిన్నగా, నిటారుగా ఉంది. గొంతులో మాత్రం పది పురుళ్ల గదుల్ని హడలగొట్టిన దర్పం ఇంకా ఉంది. గుమ్మం దగ్గర తల వంచమని ఎవరూ చెప్పక్కర్లేకపోయింది, ఆ ఎత్తుకి.

మావయ్య పుస్తకాన్ని ఆవిడ ఒళ్లో పెట్టాడు. ముసలావిడ ముందు వాసన చూసింది. తర్వాత ఎడమ చెయ్యి వెనక అట్ట కిందికి పోనిచ్చింది. వేళ్లు మెల్లగా కదిలి, ఒక్కొక్కటే వాటి వాటి చోట్లలో కూర్చున్నాయి. చిటికెన వేలు మాత్రం అటూ ఇటూ వెతికింది. ఆవిడ నుదురు ముడిపడింది. కూతురు ఊపిరి బిగబట్టింది. మేనకోడలు నేల చూపులు చూస్తోంది.

"ఇక్కడెవరో గోకారు" అంది ముసలావిడ.

"నేనేనమ్మా. చెయ్యి జారింది" అన్నాడు మావయ్య. మేనకోడలు చటుక్కున తలెత్తింది. ఆయన ఆ వైపే చూడలేదు.

"నా పుస్తకం జోలికి నువ్వెందుకు వెళ్లావు?"

నా పుస్తకం అన్న మాట విని కూతురు పక్కనున్న స్టూలు మీద కూలబడిపోయింది. కళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది, నవ్వుతూ మళ్లీ తుడుచుకుంటోంది. "బాగుచేయడానికి ఇచ్చామమ్మా. వారం నుంచీ ఇక్కడే ఉంది."

"బాగుచేయడానికా?" ముసలావిడ పుస్తకాన్ని అటు తిప్పి ఇటు తిప్పి తడిమింది. అరచెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుంది. దగ్గు రాలేదు. దులుపుకోవడానికి చేతికి పొడి అంటలేదు. అది ఆవిడ గమనించనే లేదు. "ఎక్కడిదక్కడే ఉంది కదే. వారం రోజులు ఉంచుకుని ఇతను చేసిందేమిటి? ఏమీ చేసినట్టే లేదు."

కూతురు కంగారుపడి, "అమ్మ మాటలు పట్టించుకోకండి" అని మావయ్య వైపు తిరిగింది. ఆయన మొహం వెలిగిపోతోంది. ముప్ఫై ఏళ్ల వృత్తిలో ఇంతటి మెప్పు ఆయనకి ఎవరూ ఇచ్చినట్టు లేదు. వంగి, ఆవిడ చెవి దగ్గరగా వెళ్లాడు.

"ఆ మాట ఇంకొక్కసారి అనండమ్మా. మా అమ్మాయి నోటుపుస్తకంలో రాసుకుంటుంది."