గేటుకు వీపు పెట్టిన చిన్నాయన

ఈ ఉదయం ఫోనులో ఒక సిస్టర్‌ను కసురుకున్నాను. తప్పు నాదేనని సాయంత్రానికి గానీ తెలియలేదు. కువైట్‌లోని అల్ రాయ్‌లో నేను పనిచేసే గోడౌన్ మూసే వేళ ఇనుప గేటు లాగుతుంటే కీచుమంది. ఎండకు కాగిన ఇనుము వాసన గుప్పుమంది. ఆ వాసన తగలగానే, తాళం చేతబట్టుకుని నిలబడ్డ చిన్నాయన కళ్లముందుకొచ్చాడు.

రమణ చిన్నాయన మా నాన్నకు తమ్ముడు. నన్ను రాయచోటి నుంచి కువైట్ తీసుకొచ్చి, పని నేర్పి, మనిషిని చేసింది ఆయనే. పెళ్లి చేసుకోలేదు. ఇప్పుడు డిమెన్షియాతో కడపలో ఒక వృద్ధుల హోమ్‌లో ఉన్నాడు. నా పేరు ఒకరోజు గుర్తుంటుంది, ఒకరోజు ఉండదు. హోమ్ వాళ్లు ఆయనకోసం కేర్ ప్లాన్ తయారుచేసి, చదివి ఒప్పుకొమ్మని పంపారు. మందులూ తిండే కాదు, ఆయనకు ఏది ఇష్టమో, దేనికి బెదురుతాడో, బెదిరితే ఏం చేయాలో అన్నీ రాశారు. నేను షుగరు మాత్రల దాకా ఓపిగ్గా చదివాను. "సాయంత్రం గేటు దగ్గర కూర్చోనివ్వాలి, బలవంతంగా లోపలికి తీసుకురాకూడదు" అన్న వాక్యం దగ్గర మండిపడి అక్కడి నర్సు సిస్టర్‌కు ఫోను చేశాను.

"రోడ్డు మీదికి పోతే ఎవరిది పూచీ? ఆ మాట తీసెయ్యండి. గదిలోనే ఉంచండి."

"పక్కన మనిషి ఉంటాదన్నా. ఆయన రోడ్డు తట్టు చూడనే చూడడు. గేటుకు వీపు పెట్టి లోపలికే చూస్తాంటాడు. ఎవురికోసమో మీకేమన్నా తెలుసా? తెలిస్తే అదీ రాసుకుంటాం."

"మతిలేని మనిషికి కారణాలేముంటాయి సిస్టర్?"

"సరేన్నా, ఈపొద్దుకు మీరు చెప్పినట్లే చేస్తాం" అంది. గెలిచాననుకున్నాను.

అప్పట్లో ఇక్కడి అమ్ఘరాలో పాత ఇనుము యార్డుకు చిన్నాయన ఫోర్మన్. పని దిగగానే అందరూ బస్సు దగ్గరికి పరుగెత్తేవాళ్లు. ఆయన మాత్రం గేటుకు వీపు ఆనించి, లోపలినుంచి వచ్చే ఒక్కొక్కణ్ణీ పేరు పెట్టి పలకరించేవాడు. ఆఖరి మనిషి బయటపడ్డాకే తాళం, ఆ తర్వాతే ఆయన నోట్లో ముద్ద.

"ఏం రమణన్నా, మమ్మల్ని గొర్రెల్లెక్క చూసుకుంటాండావే!" అని జనం ఆటపట్టించేవాళ్లు.

"గొర్రె తప్పిపోతే అరుస్తాదిరా. మీరు అరుస్తారా?" అనేవాడు.

ఆ యార్డులో నా మొదటి ఎండాకాలం. వేడికి కళ్లు తిరిగి, తుక్కుకు వచ్చిన పాత బస్సు ఒకటి కనిపిస్తే నీడ కదా అని అందులో పడుకున్నాను. మళ్లీ లేవలేకపోయాను. బయట మా బస్సు డ్రైవరు హారన్ కొడుతూ, ఇక పద, అయిపోయిందంటూ "యల్లా రమణా, ఖలాస్!" అని అరవడం వినిపిస్తోంది. నాకు గొంతు పెగలడం లేదు. అప్పుడు చిన్నాయన కేక వినబడింది: "మావోడు లోపలుండాడు. ఖలాస్ ఎట్లయితాదప్పా?"

ఇనుప కుప్పల మధ్య నా పేరు పిలుచుకుంటూ వచ్చాడు. తలగుడ్డ తడిపి నా మొహాన వేసి, గుక్కగుక్కగా నీళ్లు పట్టాడు. తిడతాడనుకున్నాను. "రే శీనా, నువ్వు బయటికొచ్చినంక గదరా నేను తాళమేసేది" అన్నాడు, అంతే.

అలాంటి మనిషిని ఈరోజు నేనే గదిలో పెట్టించాను.

వెంటనే హోమ్‌కు ఫోను చేశాను. అక్కడ అప్పటికే పొద్దు గూకింది. "తలుపు కొడతానే ఉండాడన్నా. ముద్ద ముట్టలేదు" అంది సిస్టర్.

"పొద్దున నేనన్న మాట తప్పమ్మా. ఆయనకు కారణముంది" అని అంతా చెప్పాను. ఆమె ఆయన్ను గేటు దగ్గరికి తీసుకెళ్లి, వీడియో పెట్టింది. ఆయన గేటుకు వీపు ఆనించి లోపలికి చూస్తున్నాడు.

"చిన్నాయనా, అందరూ బయటికొచ్చేసినారు. నేనే ఆఖరు."

ఆయన ఫోను వైపు తిరగలేదు. "శీనాగాడు వచ్చినాడా?"

"వచ్చినా చిన్నాయనా."

"నీళ్లు తాగినాడా?"

"తాగినా."

"అయితే ఖలాస్." గడియ తానే పెట్టి, సిస్టర్ చెయ్యి పట్టుకున్నాడు. "పాపా, సంగటుందా?"

చాలా రోజుల తర్వాత నాకు గుండె తేలికపడింది. ఆయన తిన్నాడని తెలిశాక సిస్టర్‌ను మన్నించమని అడిగాను. కొట్టేయమన్న వాక్యం తిరిగి పెట్టమన్నాను. దాని కింద నా మాటగా ఇది చేర్పించాను: "లోపలున్నవాళ్లు బయటికి రావాలని ఆయన చూస్తున్నాడు. రోజూ సాయంత్రం శీను ఫోను చేసి, అందరూ వచ్చేశారని చెబుతాడు."

ఫోను జేబులో పెట్టుకున్నాను. సగం లాగిన గేటు అలాగే ఉంది, తాళం నా చేతిలో ఉంది. ఇన్నేళ్లలో ఎన్నడూ చేయని పని చేశాను. గోడౌన్ లోపలికి వెళ్లి, ఎవరైనా ఉన్నారా అని గట్టిగా పిలిచాను. ఎవరూ పలకలేదు. అప్పుడు తాళం వేశాను.