స్తంభం ఎక్కని ఉదయం

నేను ఇంజనీరింగ్ ముగించి, కృత్తివెన్ను వైపు ఒక విద్యుత్ సెక్షన్‌లో అసిస్టెంట్ ఇంజనీరుగా చేరిన రెండో ఏడాది, వానాకాలంలో జరిగిన సంగతి ఇది. మా లైన్లలో ఎక్కువ భాగం రొయ్యల చెరువుల గట్ల మీదుగా పోతాయి. కరెంటు పోతే ఇళ్ళవాళ్ళు విసుక్కుంటారు, చెరువులవాళ్ళు వణికిపోతారు. నీటిని చిలికి గాలి కలిపే ఏరేటర్లు ఆగితే, మబ్బు పట్టిన రోజున రొయ్యలు ఊపిరాడక పైకి తేలతాయి.

అలాంటి మబ్బు ఉదయమే ఒక గట్టు మీద లెవెన్ కేవీ తీగె తెగింది. అతికించడానికి జూనియర్ లైన్‌మన్ శ్రీను వెళ్ళాడు. సబ్‌స్టేషన్ వాళ్ళు ఆ లైన్‌కి సరఫరా ఆపి, ఎక్కవచ్చని అనుమతి ఇచ్చారు. దాన్ని మేం లైన్ క్లియర్ అంటాం. అయినా శ్రీను స్తంభం ఎక్కలేదు. ఎర్త్ రాడ్లు వేరే గ్యాంగ్ దగ్గర ఉన్నాయి, అవి వచ్చాకే ఎక్కుతానన్నాడు. తీగెలో కరెంటు మిగిలి ఉంటే భూమిలోకి పంపేసే కడ్డీలవి. అవి వచ్చేదాకా కిందే నిలబడ్డాడు. వచ్చాక ఎక్కి పని పూర్తి చేశాడు. ఆలోపు కోటేశ్వరరావు గారనే రైతు చెరువులో రొయ్యలు కొన్ని చచ్చాయి. ఆయన జనరేటర్ సరిగ్గా ఆ రోజే మొరాయించింది.

ఆయన మచిలీపట్నం వెళ్ళి మా పైఅధికారికి ఫిర్యాదు చేశారు. పైఅధికారి నన్ను అడిగింది ఒకటే. ఈ పిరికివాడు లైన్ పనికి పనికొస్తాడా, లేక మీటర్ రీడింగ్‌కి పంపేయాలా? నా నివేదికను బట్టి నిర్ణయం. శ్రీనుకి తెలిసిన పని, ఇష్టమైన పని లైన్ పనే.

ప్రశ్నను విడగొట్టుకోవడం నాకు అలవాటు. పిరికితనం అంటే ధైర్యం లేకపోవడం. మరి ధైర్యం అంటే? కాలేజీలో ఒక మాస్టారు ప్రాచీన గ్రీకు తత్వవేత్తల పద్ధతి గురించి చెప్పారు. ఒకరు నిర్వచనం ఇస్తారు. దానికి లొంగని ఉదాహరణ ఒకటి ఇంకొకరు చూపిస్తారు. నిర్వచనం పడిపోతుంది, మరొకటి వెతుకుతారు. ధైర్యం మీదే అలా వాదించుకున్నారట. మేం కాలేజీలో సర్క్యూట్లను పరీక్షించిన తీరు కూడా ఇంచుమించు అదే.

శ్రీనునీ, సీనియర్ లైన్‌మన్ వీర్రాజునీ తీసుకుని కోటేశ్వరరావు గారి చెరువు దగ్గరికి వెళ్ళాను. షెడ్డులో కుర్చీలు వేయించారాయన.

"వీర్రాజు ఉండి ఉంటే ఆపాటికి పదిసార్లు ఎక్కి దిగేవాడండీ" అన్నారు. "మగాడన్నాక అడుగు ముందుకే పడాలి. అదీ ధైర్యం."

"పోయిన పంటకి పక్క చెరువులో తెల్లమచ్చ రోగం వచ్చిందని, రొయ్య ఎదగకముందే మీరు పట్టుబడి చేసి అమ్మేశారటగా? అది వెనకడుగేనండీ" అన్నాను.

"అది పిరికితనమంటారేంటండీ? అది తెలివి."

"మొదటిది పడిపోయిందండి" అన్నాను.

వీర్రాజు నవ్వి, "పట్టు వదలకపోవడం అనుకోండి సార్. ఏమొచ్చినా నిలబడటం" అన్నాడు.

"రోగం వచ్చిన చెరువులో పట్టు వదలకుండా మేత పోస్తూ కూర్చునేవాడో?"

కోటేశ్వరరావు గారే జవాబిచ్చారు. "మా తోడల్లుడు అదే చేశాడు. వాడిది ధైర్యం కాదు, మొండితనం."

మూడోది నేను చెప్పాను. ఏది భయపడాల్సినదో, ఏది కాదో తెలిసి చేసేదే ధైర్యం. ఆయన వదల్లేదు. "ఈత వచ్చినోడు ఉప్పుటేరులో దూకితే గొప్పేవుందండీ? రాడ్లు తగిలించి, తీగె చచ్చిందని తెలిశాక ఎవడైనా ఎక్కుతాడు."

"అయితే ఈత రాకుండా దూకేవాడు ఎక్కువ ధైర్యవంతుడా?"

"వాడు చస్తాడు."

"వాణ్ణి తీయబోయినవాడు కూడా" అన్నాడు వీర్రాజు, కాస్త మెల్లగా.

మూడోదీ తేలలేదు. అప్పటిదాకా మాట్లాడని శ్రీనుని అడిగాను, ఆ రోజు దేనికి భయపడ్డావని.

"చుట్టూ జనరేటర్లు ఆడుతున్నాయండి. వాటిలో ఎన్నిటికి ఛేంజోవర్ ఉందో నాకు తెలీదు." జనరేటర్ కరెంటు, లైన్ కరెంటు కలవకుండా విడదీసే స్విచ్ అది. అది లేకపోతే జనరేటర్ కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ గుండా వెనక్కి వచ్చి, ఆపేసిన లైన్‌లోకే ఎక్కుతుంది. "ఉన్నా ఉండొచ్చు, రిటర్న్ రాకపోనూ వచ్చు. ఎక్కితే ఏమీ అయ్యేది కాదేమో కూడానండి. కానీ ఎక్కడం కన్నా కింద నిలబడటమే కష్టమైంది. అందరూ చీర కట్టుకోమన్నారు."

కోటేశ్వరరావు గారు తల తిప్పుకున్నారు. ఆ మాట అన్నవారిలో ఆయనా ఉన్నారు.

"అల్లుడూ, నేనైతే ఎక్కేసేవాణ్ణిరా" అన్నాడు వీర్రాజు. "వాళ్ళు తిడతారని ఎక్కేసేవాణ్ణి."

కోటేశ్వరరావు గారు మళ్ళీ నా వైపు తిరిగి, "మరి నా రొయ్యల మాటేంటండీ?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. గ్యాంగుకో ఎర్త్ రాడ్ల సెట్టు లేకపోవడం మా లోపమనీ, అది అడిగి తెప్పిస్తాననీ చెప్పాను. ఛేంజోవర్ల సంగతి మాత్రం గట్టు మీదివాళ్ళే చూసుకోవాలన్నాను. ఆయన ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానని అనలేదు. టీ తెప్పించారు. మొదటి గ్లాసు శ్రీనుకి ఇప్పించారు.

నివేదికలో ధైర్యం, పిరికితనం అన్న మాటలు వాడలేదు. జరిగింది వరుసగా రాశాను. అతన్ని లైన్ పనిలోనే ఉంచాలని, అదనపు రాడ్లు కావాలని ముగించాను. పైఅధికారి చదివి, "అసలు అడిగింది రాయలేదేమయ్యా?" అన్నారు.

"నిర్వచనం దొరకలేదండి. దొరకనప్పుడు ఆ మాటతో మనిషిని కొలవకూడదనిపించింది."

ఆయన ఇంకోసారి చదువుకుని సంతకం పెట్టారు.

ఆ వానాకాలంలోనే అదే గట్టు మీద మళ్ళీ తీగె తెగింది. నేను వెళ్ళేసరికి కోటేశ్వరరావు గారు బండి మీద షెడ్డు షెడ్డుకీ తిరిగి జనరేటర్లు ఆపిస్తున్నారు. వీర్రాజు స్తంభం కింద నిలబడి, వ్యాన్ నుంచి రాడ్లు దించే శ్రీను కోసం చూస్తున్నాడు. ఎవరో కుర్రరైతు, "ఏం వీర్రాజు బావా, నీక్కూడా భయమేనా?" అన్నాడు.

"రాడ్లు పడేదాకా భయమేరా బావా. పడ్డాక చూడు" అన్నాడు వీర్రాజు.

ఆ గ్రీకు పెద్దలు కూడా చివరికి ధైర్యం అంటే ఏమిటో తేల్చలేకపోయారట. తెలియలేదని ఒప్పుకుని, మళ్ళీ కలిసి వెతుకుదామనుకున్నారట. చదువుకునే రోజుల్లో అది నాకు ఓటమిలా అనిపించేది. ఉద్యోగంలో నేర్చుకున్నది వేరు. సరైన అర్థం చేతికి రాకపోయినా, తప్పుడు అర్థాలను ఒక్కొక్కటిగా తీసేస్తూ పోతే, వాటి కింద నలిగిపోబోయే మనిషి ఒకడు బయటపడతాడు. రాడ్లు తగిలించాక ఆ రోజు స్తంభం ఎక్కింది శ్రీనే. వీర్రాజు కింద తాడు పట్టుకున్నాడు.